తమ వార్డు తామే ఖాళీ చేసుకునే డాక్టర్లు

ర్యాంకు చూసుకుని కొందరు, సంబంధం చూసుకుని కొందరు పీడియాట్రిక్స్‌లో చేరతారు. చేరాక అక్కడే ఎందుకు ఉండిపోతారు? జవాబు కోసం ఢిల్లీ పిల్లల వార్డుల్లోకి వెళ్లాలి.

నీట్ పీజీ ర్యాంకులు వచ్చిన వారం తెలుగిళ్లలో ఒక చర్చ నడుస్తుంది. రేడియాలజీ వస్తుందా, డెర్మటాలజీకి అవకాశం ఉందా అన్నది మొదటి మాట. మంచి కాలేజీల్లో ఆ సీట్లు చూస్తుండగానే అయిపోతాయి. జనరల్ మెడిసిన్ దగ్గర కొందరు ఆగుతారు. ఆ తరవాత ఎవరో ఒక బాబాయి అందుకుని, ‘పోనీ పీడియాట్రిక్స్ పెట్టెయ్‌రా, గైనిక్ చేసిన పిల్లని చూద్దాం, నర్సింగ్ హోమ్‌కి ఢోకా ఉండదు’ అంటాడు. నవ్వులాటకి అన్న మాట కాదది. నరసరావుపేట నుంచి నిజామాబాద్ దాకా ఏ ఊరి మెయిన్ రోడ్డు మీద నడిచినా ఆ బోర్డు కనిపిస్తుంది: పైన భార్య పేరు, స్త్రీల వైద్య నిపుణురాలు, కింద భర్త పేరు, పిల్లల వైద్య నిపుణులు. కాన్పు ఒక గదిలో, పుట్టిన బిడ్డ పక్క గదిలో. ఢిల్లీలో రోహిణి, జనక్‌పురి వీధుల్లో, యమున దాటి ఇందిరాపురం, వైశాలి సెక్టార్లలో అవే బోర్డులు హిందీలో వేలాడుతుంటాయి.

అందుకే, ‘పిల్లల డాక్టరు ఎందుకయ్యారు’ అని టీవీలో అడిగినప్పుడు వినిపించే ‘పిల్లలంటే ప్రాణం’ అనే జవాబుకి నేను పెద్ద విలువివ్వను. పిల్లలంటే ఇష్టం లేనిదెవరికి? ఆ ఇష్టం ఉన్నవాళ్లలో ఏడుస్తున్న బిడ్డ చేతికి సూది గుచ్చగలిగేది ఎందరు? చేరడానికి ర్యాంకు చాలు, ఇంట్లోవాళ్ల లెక్కలు చాలు. ముప్ఫై ఏళ్లు అందులోనే ఉండడానికి అవి చాలవు.

కన్నాట్ ప్లేస్ పక్కనే, బంగ్లా సాహిబ్ గురుద్వారాకి వెళ్లే దారిలో కళావతి శరణ్ పిల్లల ఆసుపత్రి ఉంది. ఆడపిల్లల కోసం 1916లో పెట్టిన లేడీ హార్డింజ్ వైద్య కళాశాలకి అనుబంధంగా 1956లో ఇది మొదలైంది. తొలినాళ్లలో దీన్ని నిలబెట్టిన మనిషి డాక్టర్ షీలా సింగ్ పాల్. ఎయిమ్స్ పుట్టిందీ అదే ఏడాది. ఢిల్లీ బస్తీలవాళ్లే కాదు, పశ్చిమ ఉత్తరప్రదేశ్ నుంచీ హర్యానా నుంచీ రాత్రి బస్సులెక్కి వచ్చిన తల్లులు పొద్దున్నే ఇలాంటి ఆసుపత్రుల ముందు వరసల్లో ఉంటారు. తెలుగు రాష్ట్రాల నుంచి ఢిల్లీలో సీటు తెచ్చుకున్న పీజీకి ముందుగా రావాల్సింది హిందీ. ఆ తరవాతే వైద్యం.

ఆ వైద్యంలో మొదటి పాఠం చేతిది. ఆరు నెలల బిడ్డ చేతి మీద కనీ కనిపించని నరంలోకి పసుపు రంగు 24 గేజ్ కాన్యులా ఎక్కించాలి. గదిలో ఎన్ని దీపాలున్నా అరచేతి కింద టార్చి వెలిగించి నరం జాడ వెతుక్కోవాలి. దొరికాక ఆ చెయ్యి వంగకుండా అట్టముక్క కట్టి ప్లాస్టర్ చుట్టాలి. ఈలోగా బిడ్డ కప్పు ఎగిరిపోయేలా ఏడుస్తుంటాడు. గుమ్మం బయట తల్లి అంతకన్నా ఎక్కువ ఏడుస్తుంటుంది. నెలలు నిండక కిలో బరువుతో పుట్టిన బిడ్డయితే ఆ ఒంట్లో మొత్తం రక్తమే సుమారు 90 మిల్లీలీటర్లు. ఇరానీ హోటల్లో ఇచ్చే చాయ్ కప్పు నిండా ఉంటుందేమో, అంతే. పరీక్షకని రెండు మిల్లీలీటర్లు తీస్తే, పెద్ద మనిషి ఒంట్లోంచి వంద మిల్లీలీటర్లకి పైగా తీసినట్టు లెక్క. అందుకే ఏ పరీక్ష రాయకుండా ఉండచ్చో తెలియడం ఇక్కడ పెద్ద చదువు.

రెండో పాఠం చూపుది. రోగి మాట్లాడడు. దగ్గుతో వచ్చిన బిడ్డకి వెంటనే స్టెతస్కోపు పెడితే ఏడుపు తప్ప ఏమీ వినపడదు. తల్లి ఒడిలో కుదురుగా ఉండగానే చొక్కా పైకెత్తి నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెడతారు. రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40. ఆ అంకె చేరిందంటే న్యుమోనియాని అనుమానించాల్సిందే. డొక్కలు ఎగరేస్తున్నాడని తల్లి చెబితే, ఆ మాట ఎక్స్‌రే కన్నా ముందొచ్చిన రిపోర్టు. వాంతులు, విరేచనాలతో వచ్చిన బిడ్డ పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదులుతారు. మడత సర్దుకోవడానికి రెండు సెకన్లు దాటితే ఒంట్లో నీరు బాగా పోయిందన్నమాట. కళ్లు లోపలికి పోయాయా, నడినెత్తిన మాడు గుంట పడిందా అని చూస్తారు. ఇంత పరీక్షకీ ఒక్క యంత్రం అక్కర్లేదు.

పిల్లల డాక్టర్లు ఈ పనిని వదల్లేకపోవడానికి అసలు కారణం ఆ తరవాత జరిగేదే. నీరు కొంత పోయి నీరసించిన బిడ్డకి కిలోకి 75 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల్లో ఓఆర్ఎస్ పట్టించాలి. ఎనిమిది కిలోల బిడ్డకి 600 మిల్లీలీటర్లు. చెంచాతో, ఓపిగ్గా, కక్కితే పది నిమిషాలాగి మళ్లీ. పొద్దున తల వాల్చేసి వచ్చినవాడు సాయంత్రానికి పక్క మంచం మీది బిస్కెట్ కోసం పేచీ పెడతాడు. పెద్దల వార్డులో ఈ దృశ్యం దొరకదు. అక్కడ షుగరుంటుంది, బీపీ ఉంటుంది, సిగరెట్టూ మందూ పాడుచేసిన ఊపిరితిత్తులూ కాలేయాలూ ఉంటాయి. డాక్టరు నెగ్గుకొస్తాడు తప్ప నయం చేయడం అరుదు. ఇక్కడ అదే చేతులకి ఒక్క పూటలో ఫలితం కనబడుతుంది. దానికి అలవాటుపడ్డ మనిషికి వేరే వైద్యం రుచించదు. తేరుకోని బిడ్డలూ ఉంటారు. అలాంటి రాత్రి గడిచాక సీటు వదిలేసి పోదామని అనిపించని పీజీ ఉండడు.

ఒక నర్సరీ, అయిదు చుక్కలు

ఎయిమ్స్‌లో పిల్లల విభాగాన్ని తీర్చిదిద్దిన డాక్టర్ ఓ.పి. ఘాయ్ పేరు వినని ఎంబీబీఎస్ విద్యార్థి దేశంలో ఉండడు. 1982లో మొదటిసారి అచ్చయిన ఆయన పాఠ్యపుస్తకాన్ని శ్రీకాకుళంలోనూ ఆదిలాబాద్‌లోనూ కూడా ‘ఘాయ్’ అనే పిలుస్తారు. అదే విభాగంలో డాక్టర్ మెహర్బాన్ సింగ్ నవజాత శిశువుల వైద్యానికి ఈ దేశంలో పునాది వేశారు. మన తెలుగువాళ్లకి దగ్గర చుట్టరికం ఉన్న కథ మాత్రం అక్కడే పనిచేసిన మరో డాక్టరుది. పేరు మహరాజ్ కిషన్ భాన్.

1980ల నడుమ ఎయిమ్స్ నర్సరీలో పుట్టిన పసికందుల్లో రోటావైరస్ కనిపించింది. ఉత్తరాదిలో చలికాలం వచ్చిందంటే పిల్లల వార్డుల్ని నింపేసే వైరస్ అది. దేశంలో టీకా రాకముందు ఏటా దాదాపు 78,000 మంది పిల్లలు దాని వల్ల చనిపోయేవారని అంచనా. చిత్రంగా ఈ నర్సరీ పిల్లలకి విరేచనాలు పట్టుకోలేదు. వేరే డాక్టరయితే ‘మంచిదే’ అనుకుని ఇంటికి పంపేసేవాడు. భాన్ బృందం ఆ పిల్లల్ని ఇళ్లకి వెళ్లాక కూడా వెంబడించి చూసింది. పుట్టగానే ఆ వైరస్ సోకిన పిల్లలకి, పెరిగాక రోటావైరస్ విరేచనాల బెడద మిగతావాళ్ల కన్నా తక్కువగా ఉంది. అంటే ప్రకృతే వాళ్లకి టీకా వేసి పంపింది. ఆ రకానికి 116ఇ అని పేరు పెట్టారు. మనుషుల వైరస్‌లోకి పశువుల వైరస్ జన్యువొకటి చేరి తయారైన రకం అది.

నర్సరీలో దొరికినదాన్ని సీసాలోకి తేవడానికి ఒక డాక్టరు ఉద్యోగ జీవితమంత కాలం పట్టింది. బయోటెక్నాలజీ శాఖ, అమెరికా శాస్త్రవేత్తలు, గేట్స్ ఫౌండేషన్ ఒక్కొక్కరే కలిశారు. తయారు చేసే బాధ్యత హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌ది. డోసు ఒక డాలరుకి ఇస్తామని ఆ కంపెనీ ముందే ఒప్పుకుంది. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పసివాళ్ల మీద పరీక్షించారు. తీవ్రమైన రోటావైరస్ విరేచనాల్ని మొదటి ఏడాదిలో 56 శాతం ఆపింది. ఈ అంకె చూసి పెదవి విరిచినవాళ్లూ లేకపోలేదు. ఏటా వేలల్లో పోతున్న చోట సగానికి పైగా ఆపడమంటే ఏమిటో వార్డులో రాత్రి డ్యూటీ చేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. 2014లో అనుమతి వచ్చింది. 2016లో ప్రభుత్వ టీకాల పట్టికలోకి తొలి విడతగా చేరిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం, ఒక్కోసారి నాలుక మీద అయిదేసి చుక్కలు. మన పల్లెల్లో ఏఎన్ఎమ్ ఆ చుక్కలు వేసినప్పుడల్లా ఎయిమ్స్ నర్సరీ పాపాయి వాటా అందులో ఉన్నట్టే. ఈ ప్రయాణం మధ్యలోనే భాన్ బయోటెక్నాలజీ శాఖకే కార్యదర్శి అయ్యారు. 2020 జనవరి 26న కన్నుమూశారు.

విరేచనాలతో ఆయన తగువు అక్కడితో ఆగలేదు. ఢిల్లీ బస్తీ పిల్లల మీద సహచరులతో కలిసి చేసిన పరిశోధన 1995లో వెలువడింది. విరేచనాల వేళ జింక్ ఇస్తే జబ్బు త్వరగా తగ్గుతుందని అది తేల్చింది. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి ఓఆర్ఎస్‌తో పాటు జింక్ ఇవ్వాలని ప్రపంచమంతటికీ చెప్పాయి. ఇవాళ మందుల షాపులో ఓఆర్ఎస్ ప్యాకెట్‌తో బాటు చేతిలో పెట్టే జింక్ సిరప్ వెనక ఢిల్లీ బస్తీల తల్లులున్నారు.

కాస్త ఆగి ఆలోచిస్తే ఇదొక విచిత్రమైన వ్యాపారం. తమ దగ్గరికి రోగులు రాకుండా చేయడానికి జీవితమంతా ధారపోసే డాక్టర్లు వీళ్లు. పోలియో సంగతే చూడండి. 1994 అక్టోబర్ 2న ఢిల్లీ నగరం మొత్తానికీ ఒకేరోజు చుక్కలు వేశారు. అప్పటి ఢిల్లీ ఆరోగ్య మంత్రి హర్షవర్ధన్ దాన్ని నడిపించారు. ఆయన చెవి-ముక్కు-గొంతు డాక్టరు కావడం వేరే సంగతి. మరుసటి ఏడాది అది దేశమంతా పాకింది. 2011 జనవరిలో హౌరాలో బయటపడిందే చివరి కేసు. తీస్ హజారీ దగ్గర సెయింట్ స్టీఫెన్స్ ఆసుపత్రిలో పోలియో పిల్లలకి కాళ్లు సరిచేసే వార్డు ఒకటుండేది. కొత్త పిల్లలు రావడం మానేశాక అక్కడ మిగిలింది చిన్నప్పటి పోలియోతోనే పెద్దవాళ్లయినవాళ్లు. 1971లో దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాది లోపే పోయేవారు. 2023 లెక్కల్లో అది 25. బాలారిష్టాలు దాటించడమన్న మాట మన పెద్దలు జాతకాల్లో వాడేవారు. దాన్ని ఆ అర్థంలోంచి చాలావరకూ బయటికి లాగింది ఈ శాఖే.

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఒక ఫిర్యాదు

వార్డులో మొదలైన తగువు ఒక్కోసారి కోర్టు దాకా వెళ్తుంది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ పేరు ఈమధ్య చాలామంది విన్నారు. ఓఆర్ఎస్ అనే అక్షరాలు పెద్దగా అచ్చేసుకుని, చక్కెర దండిగా పోసిన పానీయాలు మందుల షాపుల్లోనే అమ్ముడుపోతున్నాయన్నది ఆవిడ ఫిర్యాదు. అసలు ఓఆర్ఎస్ లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములే. ఉప్పు, పొటాషియం, సిట్రేట్ కూడా కొలత ప్రకారం ఉంటాయి. చక్కెర అంతకు మించితే పేగు నీటిని పీల్చుకునే బదులు బయటికి తోడేస్తుంది. అంటే విరేచనాలు పెరుగుతాయి. డాక్టరు చెప్పింది ఒకటి, తల్లి కొన్నది ఒకటి. పేరు మాత్రం రెండింటికీ ఒకటే. 2022లో ఆవిడ తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఢిల్లీలోని ఆహార భద్రతా సంస్థ ఒకసారి వద్దనడం, మళ్లీ ‘ఇది ఓఆర్ఎస్ కాదు’ అని పక్కన రాసుకుంటే చాలని సడలించడం, ఇలా నడిచింది. చివరికి 2025 అక్టోబర్ 14న, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని ఏ పానీయం మీదా ఆ అక్షరాలు ఉండకూడదని తేల్చింది. ఆ వార్త చెబుతూ ఆవిడ కంటతడి పెట్టిన వీడియో దేశమంతా తిరిగింది.

ఈ పోరాటంలో ఆవిడకి వచ్చే ఫీజు లేదు. చర్మ సౌందర్యం చేసే డాక్టరుకి ఇలాంటి ఏళ్ల తరబడి తలనొప్పి పెట్టుకోవాలని ఎందుకనిపిస్తుంది?

లాజ్‌పత్ నగర్ పిల్లలు పెద్దవాళ్లయ్యారు

ఎందుకు ఉండిపోతారన్నదానికి ఇంకో కారణం ఉంది. ఇది ఓపికున్నవాళ్లది. సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో పిల్లల విభాగానికి చెందిన శాంతి ఘోష్, సంతోష్ భార్గవ 1969లో ఒక పని మొదలుపెట్టారు. దక్షిణ ఢిల్లీలో లాజ్‌పత్ నగర్ పరిసరాల్లోని 20,755 మంది వివాహితల పేర్లు రాసుకుని, 1972 దాకా వాళ్లకి పుట్టిన ఎనిమిది వేలకి పైగా బిడ్డల బరువూ ఎత్తూ కొలవసాగారు. దేశ విభజనలో ఇల్లూ వాకిలీ వదిలొచ్చినవాళ్లు స్థిరపడ్డ కాలనీలు అవి. టేపు, త్రాసు పట్టుకుని ఇంటింటికీ తిరిగిన ఆరోగ్య కార్యకర్తలే దీనికి ఆయువుపట్టు.

2004లో ఫలితం బయటికొచ్చింది. ఆ పిల్లల్లో 1,492 మందిని 26 నుంచి 32 ఏళ్ల వయసులో మళ్లీ పరీక్షించారు. 4.4 శాతానికి అప్పటికే మధుమేహం. ఇంకో 10.8 శాతం దాని గుమ్మంలో ఉన్నారు. వీళ్లు చిన్నప్పుడు బొద్దుగా ఉన్న పిల్లలు కారు. రెండేళ్ల దాకా సన్నగా ఉండి, ఆ తరవాత పన్నెండేళ్ల లోపు వేగంగా ఒళ్లు చేసినవాళ్లు. పన్నెండో ఏట కూడా చూసినవాళ్లెవరూ లావని అనరు. పెద్దల డాక్టరు ముప్ఫయ్యో ఏట పట్టుకునే జబ్బుకి పిల్లల డాక్టరు దగ్గరున్న చార్టులో అయిదో ఏటే గీత మొదలైందన్నమాట. ‘మావాడు బక్కగా ఉన్నాడు, ఒళ్లొచ్చేలా టానిక్ రాయండి’ అనే తల్లికి పిల్లల డాక్టరు గ్రోత్ చార్టు తీసి ఎందుకు వాదిస్తాడో ఇది తెలిస్తే అర్థమవుతుంది.

డబ్బు సంగతి

డబ్బు మాట దాటేస్తే ఈ కథ సగమే. పిల్లల డాక్టరుకి కోతల్లేవు, స్టెంట్లు లేవు, స్కానింగ్ యంత్రం లేదు. ఉన్నది కన్సల్టేషన్ ఫీజు, టీకాలు. ఆ ఫీజులోనే అర్ధరాత్రి వాట్సాప్ ఫొటోలు కూడా కలిసి ఉంటాయి. డైపర్‌లోని పచ్చ విరేచనం ఫొటో పెళ్లి భోజనం మధ్యలో తెరిచి చూడని పిల్లల డాక్టరు గురుగ్రామ్‌లోనూ ఉండడు, గుంటూరులోనూ ఉండడు. డబ్బున్నది నెలలు నిండని పిల్లల ఐసీయూలో. కొత్తగా చదివేవాళ్లు నియోనాటాలజీ డీఎమ్ వైపు వెళ్లడానికి చదువు మీద ఆసక్తితో పాటు అదీ కారణమే. పిల్లలకే ప్రత్యేకమైన ఆసుపత్రి పెద్ద వ్యాపారం కాగలదని చూపించినవాళ్లలో మనవాళ్లున్నారు. డాక్టర్ రమేశ్ కంచర్ల 1999లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 50 పడకలతో పెట్టిన రెయిన్‌బో ఇప్పుడు ఢిల్లీ మాలవీయ నగర్‌లోనూ నడుస్తోంది.

ఆ గిరాకీకి చీకటి వైపూ ఉంది. 2024 మే 25 రాత్రి తూర్పు ఢిల్లీ వివేక్ విహార్‌లో నవజాత శిశువుల ఆసుపత్రి ఒకటి తగలబడింది. ఏడుగురు పసికందులు పోయారు. లైసెన్సు అయిదు పడకలకి, దాని గడువూ దాటిపోయింది. లోపలున్న పిల్లలు పన్నెండు మంది. డ్యూటీలో ఉన్నది ఆయుర్వేద పట్టభద్రుడని పోలీసులు చెప్పారు. నిజంగా శిక్షణ పొందిన నియోనాటాలజిస్టులు ఎంత తక్కువో, ఇంక్యుబేటర్ కొనడం ఎంత తేలికో ఆ రాత్రి బయటపడింది.

సీట్ల సంగతికొస్తే మన దగ్గర పీడియాట్రిక్స్‌కి ఇంకా డిమాండు ఉంది. అమెరికాలో 2024 రెసిడెన్సీ మ్యాచ్‌లో 250 దాకా పిల్లల వైద్యం సీట్లు మిగిలిపోయాయి. అప్పులు తీర్చడానికి ఆ జీతం చాలడం లేదన్నది అక్కడ ముఖ్యమైన ఫిర్యాదు. దక్షిణ కొరియాలో పుట్టేవాళ్లే తగ్గిపోయారు. 2023కి ఆ శాఖలో ఐదో వంతు సీట్లకి కూడా అభ్యర్థులు రాలేదు. తెలుగు రాష్ట్రాల్లో కాన్పులు తగ్గుతున్న తీరు చూస్తే, నర్సింగ్ హోమ్ లెక్కలు వేసే బాబాయిలు ఈ వార్త చదవడం మంచిది.

నవంబరు వార్డు

ఢిల్లీలో మాత్రం పిల్లల వార్డు ఖాళీ కావడం లేదు. న్యుమోకోకల్ టీకా 2017లో ప్రభుత్వ పట్టికలోకొచ్చింది, 2021కి దేశమంతా అందింది. హిబ్ టీకా అంతకు ముందే ఉంది. బ్యాక్టీరియా న్యుమోనియాకి అడ్డుకట్టలు పడ్డాయి. కానీ దీపావళి వెళ్లిన వారానికి నోయిడా, ఫరీదాబాద్, ఘజియాబాద్‌లలో పిల్లల ఓపీలన్నిటా నెబ్యులైజర్ల చప్పుడు మొదలవుతుంది. 2024 నవంబర్ 18న నగరం గాలి నాణ్యత సూచీ 494. అయిదు వందల దగ్గర ఆ కొలమానమే అయిపోతుంది. పెద్దల కన్నా పిల్లలు నిమిషానికి ఎక్కువసార్లు ఊపిరి తీస్తారు. బరువుతో పోలిస్తే ఎక్కువ గాలి లోపలికి పోతుంది, పైగా ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతున్నవి.

ఈ శాఖ ఇన్నాళ్లూ నెగ్గిన పద్ధతి ఇక్కడ పనిచేయదు. 116ఇ లాంటిది నర్సరీలో దొరకదు. ట్రాక్టరు, ట్రక్కు, ఇటుక బట్టీ, పొలంలో మంట, ఇవేవీ డాక్టరు ప్రిస్క్రిప్షన్ వినవు. కాస్త కలిగినవాళ్లు అడిగితే, ‘వీలైతే ఒకట్రెండు నెలలు ఊరెళ్లి రండి’ అని పిల్లల డాక్టర్లు నిర్మొహమాటంగానే చెబుతారు. మయూర్ విహార్‌లోనో ద్వారకలోనో ఉండే తెలుగు కుటుంబం అమ్మమ్మగారి ఊరికి బయల్దేరి సంక్రాంతి దాకా ఉండిపోవచ్చు. సర్కారు ఆసుపత్రి వరసలో ఉన్నవాళ్లు ఊళ్లో పని లేకే ఇక్కడికొచ్చినవాళ్లు. వాళ్లకి వెళ్లమని చెప్పడంలో అర్థం లేదు.

వాళ్ల కోసం ఉన్నది వేరే చికిత్స. ఇన్‌హేలర్‌ని చిన్న బిడ్డ నేరుగా పీల్చలేడు, మధ్యలో స్పేసర్ కావాలి. కొనలేనివాళ్లకి అర లీటరు నీళ్ల సీసా చాలని పిల్లల డాక్టర్లకి తెలుసు. సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి బిగుతుగా పట్టేంత కన్నం చేయాలి. మూత తీసిన వైపు బిడ్డ నోట్లో పెట్టాలి. అట్నుంచి ఒక్కసారి నొక్కి, బిడ్డ నాలుగైదు ఊపిర్లు తీసేదాకా ఆగాలి, తరవాతే రెండోసారి నొక్కాలి. ఇంత చెప్పాక తల్లి చేత ఒకసారి చేయించి చూడాలి. ఓపీ వేళ దానికి పది నిమిషాలు పడుతుంది. బయట వరసలో వందమంది ఉన్నా, మంచి డాక్టరు ఆ పది నిమిషాలూ ఇస్తాడు.